కంప్రెషన్ లూకా

సికింద్రాబాద్ కార్ఖానా బస్తీలో మెకానిక్ లూకాకు ఉన్న జబ్బు ఒక్కటే. కారు ఏ రోగంతో వచ్చినా కంప్రెషన్ చూడకుండా వదిలిపెట్టడు. హారన్ మోగడం లేదంటే కంప్రెషన్, డోరు పడటం లేదంటే కంప్రెషన్, వెనక అద్దం పగిలిందని మొత్తుకున్నా ముందు కంప్రెషన్. చూసి ఊరుకున్నా బాగుండేది. చూసి, కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, సమాధుల తోటలో పాస్టరు గారి గొంతు పెట్టి, "అయిపోయింది సార్" అనేవాడు. ఆ గొంతు విన్నవాడు కారు సంగతి మరిచిపోయి తన నాడి తను చూసుకునేవాడు.

ఈ జబ్బుతో లూకాకు ఏ బాధా లేదు. బాధంతా పర్వతాలుది.

పర్వతాలు పాత కార్ల బ్రోకరు. లూకా షెడ్డుకు ఎదురుగా, రోడ్డుకు అవతల వేపచెట్టు కింద ఒక టేబులు, మూడు కుర్చీలు, చెట్టుకు కొట్టిన ఒక రేకు బోర్డు. 'నమ్మకమే మా పెట్టుబడి' అని ఆ బోర్డు మీద రాయించాడు. అంతకు మించి పెట్టుబడి అతని దగ్గర నిజంగానే లేదు. ఇరవై ఏళ్ళలో అతను చూపించిన ప్రతి కారూ ఒక మిలిటరీ ఆఫీసరుదే. ఆ ఆఫీసరుకు అప్పుడే బదిలీ అయ్యేది. పైగా ఆ కారు ఆయన నడిపింది కాదు, ఆయన భార్య నడిపింది. ఆవిడైనా ఆదివారం పూట చర్చి దాకా వెళ్ళి వచ్చేది, అంతే. పర్వతాలు చెప్పిన ఆఫీసర్ల భార్యలంతా ఒకే ఆదివారం చర్చికి బయల్దేరి ఉంటే కార్లు నిలపడానికి పరేడ్ గ్రౌండ్ చాలేది కాదు.

కారుకు మైనం పట్టించి అద్దంలా తోమడంలో పర్వతాలును మించినవాడు సికింద్రాబాద్‌లో లేడు. బోనెట్ కింద ఏముంటుందో మాత్రం అతనికి తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. కాపురం చేసేవాడు అత్తగారి మనసులో ఏముందో తవ్వి చూస్తాడా, ఇదీ అంతే అనుకున్నాడు.

కొనడానికి వచ్చినవాడు కారు చుట్టూ మూడుసార్లు తిరిగేవాడు. సీటు నొక్కేవాడు, డోరు వేసి తీసేవాడు, మిలిటరీ కథంతా వినేవాడు. పర్వతాలు మనసులో అప్పటికే కమీషన్‌తో బియ్యం బస్తా ఇంటికి చేరేది. అప్పుడు ఆ పెద్దమనిషి గొంతు సవరించుకుని, "ఒకసారి లూకా గారికి చూపిద్దామా?" అనేవాడు. ఎవడో ఒకడంటే ఖర్మ అనుకోవచ్చు. వచ్చిన ప్రతివాడూ అదే మాట అనేవాడు. ఆ మాటకు పర్వతాలు మొహం పొంగి చల్లారిన పాలలా దిగిపోయేది.

లూకా దగ్గర ఒక గేజ్ ఉంది. మిలిటరీ సామాన్ల వేలంలో కొన్నాడు. గుండ్రటి డయలు, ఒక సూది, కింద ఒక గొట్టం. దాన్ని మఖమల్ గుడ్డలో చుట్టి, కీర్తనల పుస్తకం పక్కన పెట్టుకునేవాడు. ఇంజన్‌లో నాలుగు సిలిండర్లుంటాయి. ఒక్కో దానిలో పిస్టన్ గాలిని ఎంత గట్టిగా ఒత్తుతోందో ఆ సూది చెబుతుంది. ప్లగ్గులు విప్పాలి, ఆ రంధ్రంలో గేజ్ బిగించాలి, ఎవరో ఒకరు లోపల కూర్చుని యాక్సిలేటరు నేలకు ఆనేదాకా తొక్కిపట్టి సెల్ఫు తిప్పాలి. సూది లేస్తే ఇంజనుకు ఊపిరి ఉన్నట్టు. లేవకపోతే లూకా చెంచాడు ఇంజనాయిలు ఆ రంధ్రంలో పోసి మళ్ళీ చూసేవాడు. ఆయిలు పోశాక లేచిందంటే రింగులు అరిగాయి, అప్పటికీ లేవకపోతే వాల్వులు పోయాయి. ఈ పాఠం ఆయన ప్రతి కారు దగ్గరా, ప్రతి మనిషికీ, మొదటినుంచీ చివరిదాకా చెప్పేవాడు. యాక్సిలేటరు తొక్కే పని మాత్రం కొనేవాడికే ఇచ్చేవాడు.

"నేనెందుకండీ తొక్కడం?" అని ఎవరైనా అడిగితే, "రేపు ఏడ్సేది నువ్వే గద సార్. ఇయ్యాల నీ కాలితోనే తెల్సుకో" అనేవాడు.

తరవాత కళ్ళజోడు తీయడం, తుడవడం. "అయిపోయింది సార్." ఆ మాట చెవిన పడగానే పర్వతాలు అక్కడ ఒక్క క్షణం నిలబడేవాడు కాదు. తలవంచుకుని నేరుగా మూలమీది ఇరానీ హోటల్‌కు పోయి, చాయ్ ముందు పెట్టుకుని, అది చల్లారేదాకా గోడకేసి చూసేవాడు. మూడు కార్లు తెస్తే రెండింటికి ఇదే తంతు. హోటల్ వాళ్ళు అతని మొహం చూసి ఇవాళ ఏ కారు పోయిందో చెప్పేసేవారు.

ఒకసారి పర్వతాలు తెలివిగా ఒక అంబాసిడర్‌ను పెళ్ళికి ఇచ్చాడు. పెళ్ళికూతురి మేనమామ అందులో ఒక్కసారి ఊరేగితే ముచ్చటపడి కొంటాడని ఆశ. పూలు కట్టిన కారు సరిగ్గా లూకా షెడ్డు ముందే పంక్చరయింది. లూకా స్టెప్నీ తీసుకుని వచ్చాడు. వచ్చినవాడు టైరు వంక చూడలేదు, బోనెట్ ఎత్తాడు.

"అన్నా, టైరన్నా, టైరు" అన్నాడు పర్వతాలు ఏడుపు గొంతుతో.

"టైరు ఎటు పోతది తమ్మీ. ఇంజన్ సంగతి చూద్దాం. అమ్మా, జెర ఇటు కూసొని యాక్సిలేటర్ తొక్కు."

తెల్లటి చీరా, ముసుగూ, చేతిలో పూలగుత్తితో పెళ్ళికూతురు ముందు సీట్లోకి వచ్చి యాక్సిలేటరు తొక్కింది. చర్చిలో పాస్టరు గారు రెండో కీర్తన ముగించి మూడోది ఎత్తుకున్నారు. నాలుగు సిలిండర్లూ చూశాక లూకా కళ్ళజోడు తీశాడు. "అయిపోయింది బిడ్డా" అన్నాడు. పాపం, ఆ పిల్ల పెళ్ళికొడుకుకు ఏమైందో అనుకుని కళ్ళు తిరిగి సీటు మీదికి ఒరిగింది. మేనమామ ఆ కారే కాదు, జన్మలో ఇంకే కారూ కొనలేదు.

కార్లు చాలవన్నట్టు మనుషుల మీద పడేవాడు లూకా. మెట్లెక్కి ఆయాసపడుతున్న సంఘపెద్దను ఆపి, "రింగులు చూపించుకో అయ్యగారూ" అన్నాడు. బేగంపేటలో దిగే విమానం నెత్తిమీద మోగితే తల వంచి విని, "ఒక సిలిండర్ తక్కువ కొడుతున్నది" అని నిట్టూర్చేవాడు. విమానానికి సిలిండర్లుండవని ఎవరో అంటే, అందుకే దాని బతుకు గాలిలో ఉందన్నాడు.

సరే, మారుతీలు వచ్చాయి. చిన్న కారు, కొత్త కారు అని జనం అటు ఎగబడ్డారు. పాత ఫియట్లు, అంబాసిడర్లు అడిగేవాళ్ళు తగ్గారు. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు, సరిగ్గా ఆ రోజుల్లోనే పర్వతాలు ఏ బ్రోకరూ చేయని పని చేశాడు. కమీషన్‌కు తెచ్చి అమ్మాల్సింది పోయి, ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి ఒక తెల్ల ఫియట్ తానే కొన్నాడు. దాని రంగు చూసి మనసు పారేసుకున్నాడు. ఆరు నెలలు అది వేపచెట్టు కింద నిలబడింది. అతను రోజూ తోమేవాడు, కాకులు రోజూ పాడుచేసేవి. కాకులకున్నపాటి ఆసక్తి కూడా మనుషులు చూపించలేదు.

ఒకరోజు అన్నం ముందు కూర్చున్నప్పుడు భార్య ఎల్లమ్మ మెల్లగా ఎత్తుకుంది. "మా తమ్ముడు సదాశివ కబురు పెట్టిండు. మౌలాలిల వాని సిమెంట్ గోదాంకు మనిషి కావాల్నట. సోమవారం దాకా చూస్తడట."

"నేను బ్రోకర్ని ఎల్లమ్మా."

"ఏం బ్రోకర్వయ్యా. నువ్వు కారు తేవుడు, గా లూకన్న దాన్ని పాతిపెట్టుడు. ఇరవై ఏండ్ల సంది ఇదే నడుస్తున్నది. నీకంటె కాటికాపరి నయం, వానికి పని పక్కా."

పర్వతాలు కంచం పక్కకు నెట్టాడు. గోదాములో పని తప్పని కాదు. సదాశివ మంచివాడే. ఆ మంచితనమే భయం. నలుగురి ముందూ మర్యాదగా "బావా, ఆ లారీ బస్తాలు జెర లెక్కపెట్టు" అంటాడు. ఆ 'బావా' వినడం కంటే చావు నయమనిపించింది పర్వతాలుకు. వేపచెట్టు కింద కుర్చీ విరిగినదైనా తనది. అందులో కూర్చున్నంతసేపూ తను ఒకరి కింద లేడు. సోమవారానికి ఇంకా అయిదు రోజులున్నాయి.

మర్నాడే దేవుడు పంపినట్టు ప్రేమమణి టీచరు వచ్చింది. గుంటూరు వైపు మనిషి, సికింద్రాబాద్‌లో ఒక మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్ళుగా లెక్కలు చెబుతోంది. నలభై తొమ్మిదో ఏట డ్రైవింగు నేర్చుకుంది. రిటైరయ్యేలోగా సొంత కారులో స్కూలు గేటు దాటి లోపలికి వెళ్ళాలని ఆవిడ కోరిక. ఫియట్ చుట్టూ తిరిగింది, రంగు నచ్చిందంది, మిలిటరీ ఆఫీసరు భార్య కథకు ఒకసారి నవ్వింది.

"శనివారం పొద్దున వస్తానండీ. లూకా గారి దగ్గర కంప్రెషన్ చూపిద్దాం" అంది.

ఆ రెండు రోజులూ పర్వతాలు పడ్డ నరకం ఇంతా అంతా కాదు. సూది లేవదు, ఆయన కళ్ళజోడు తీస్తాడు, తను సోమవారం మౌలాలి బస్సెక్కుతాడు. అన్నీ కళ్ళముందే కనిపించాయి. దేవుళ్ళందరినీ తలుచుకున్నాడు. లూకా మీద కోపంతో ఆయన దేవుణ్ణి మాత్రం వదిలేశాడు. మళ్ళీ, ఆ సూది ఆ దేవుడి మాటే వింటుందేమోనని ఆయననూ కలుపుకున్నాడు.

అప్పుడు వెలిగింది బుర్రలో దీపం. ఇరవై ఏళ్ళుగా వింటున్న పాఠమే. ఆయిలు పోస్తే సూది లేస్తుంది. అయితే ముందే పోసి తీసుకెళితే?

శనివారం తెల్లవారగానే పర్వతాలు జీవితంలో మొదటిసారి తన చేతులతో బోనెట్ ఎత్తాడు. ప్లగ్గు స్పానరు అరువు తెచ్చుకున్నాడు. చెంచాడంటే మరీ పిసినారితనం అనిపించింది. తోమే పనిలో కూడా మైనం ఎంత ఎక్కువ పట్టిస్తే అంత మెరుపు కదా అనుకుని, ఒక్కో రంధ్రంలో చాయ్ గ్లాసు నిండా పోసి, ప్లగ్గులు బిగించి, బోనెట్ మూసి, రెండు చేతులూ జోడించాడు.

టీచరు వచ్చేసరికి కారు కదలనంది. సెల్ఫు కొడితే 'టక్' మని ఒక్క శబ్దం, అంతే. ఇంజను బిగదీసుకుంది. గాలిని ఒత్తడానికి పుట్టిన పిస్టన్లు గ్లాసుడు ఆయిలును ఒత్తలేక కూర్చున్నాయన్న సంగతి పర్వతాలుకేం తెలుసు. నలుగురు ఆటోవాళ్ళను పిలిచి రోడ్డు దాటించాడు.

"నెడుతున్నారేంటండీ?" అంది టీచరు.

"బ్యాటరీకి రెస్టు మేడమ్. మిలిటరీ కారు గద, అన్నీ పద్ధతి ప్రకారం" అన్నాడు. చెబుతుంటే తన గొంతు తనకే పరాయిదిగా వినిపించింది.

లూకా ఆ రోజు తెల్ల చొక్కా వేసుకుని ఉన్నాడు. పొద్దెక్కాక చర్చిలో ఎవరిదో నిశ్చితార్థం ఉంది. నిప్పురవ్వ లేవకుండా కాయిల్ వైరు పీకేసి, నాలుగు ప్లగ్గులూ విప్పి, వాటి వంక ఒకసారి చూశాడు. గేజ్ బిగించబోతూ అలవాటు ప్రకారం, "ముందు ఒకసారి తిప్పు టీచరమ్మా, చెత్త ఉంటే పోతది. యాక్సిలేటర్ పూర్తిగ. నేను చెప్పేదాక ఆపకు" అన్నాడు, ఇంజన్ మీదికి వంగి.

లెక్కల టీచరుకు ఒక మాట చెబితే చెప్పినట్టే చేస్తుంది. తిప్పింది. నాలుగు రంధ్రాల్లోంచి నాలుగు ఆయిలు ధారలు లేచి బోనెట్‌కు కొట్టుకుని, అక్కణ్ణించి లూకా నెత్తిన పడ్డాయి. కన్నతల్లి కూడా ఆయనకు అంత బాగా తలంటు పోసి ఉండదు. ఆపమని చెప్పాలంటే నోరు తెరవాలి, తెరిస్తే ఆయిలు. బోనెట్ అడ్డంగా ఉండడంతో లోపలి మనిషికి ఏమీ కనిపించదు.

"తిప్పుతూనే ఉండనాండీ?" అని లోపల్నించి అడుగుతోంది టీచరు.

పర్వతాలు పరుగెత్తి వెళ్ళి ఆవిడ చెయ్యి ఆపాడు. అప్పటికి లూకా చొక్కా నిశ్చితార్థానికి పనికిరాదు, ఆ మాటకొస్తే దేనికీ పనికిరాదు. ఆయన కళ్ళజోడు తీశాడు. తుడుద్దామంటే చొక్కాకు పొడి అంచు లేదు. అలాగే పెట్టుకుని గేజ్ బిగించాడు. టీచరు మళ్ళీ తిప్పింది. సూది నూటడెబ్బై దాటింది.

"ఫ్యాక్టరీల పుట్టిననాడు సుత ఈ బండికి నూటనలభై మించి లేకుండె" అన్నాడు లూకా. కోపం లేదు, మామూలు పాస్టరు గొంతే. "తమ్మీ, ఎంత పోసినవ్?"

పర్వతాలు బంపరు పట్టుకుని నిలబడ్డాడు. "ఒక్కో దాంట్ల చాయ్ గ్లాసు, అన్నా."

"చెంచా అని చెప్పిన గద ఇరవై ఏండ్ల సంది. ఇన్నవా, ఇనలేదా?" అన్నాడు లూకా. మోసం చేసినందుకు కాదు, కొలత తప్పినందుకు బాధపడుతున్నట్టుంది మనిషి.

ఇక ఆ రోజు పర్వతాలు ఇరానీ హోటల్‌కు పోలేదు. అక్కడే షెడ్డు అరుగు మీద కూలబడ్డాడు. సిగ్గు, దుఃఖం, ఇరవై ఏళ్ళ కోపం, మూడూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. "మేడమ్, నేను పోసిన. తప్పు నాదే. ఇగ నా బ్రోకర్ గిరీ ఖతం, సోమవారం సంది సిమెంట్ బస్తాలు లెక్కపెడుత. కని ఒక మాట. నన్ను ముంచింది ఈయన. నేను తెచ్చిన ప్రతి బండినీ పొట్టన పెట్టుకున్నడు. ఈయన ఎదురుంగ లేకపోతే నేను బంగ్లా కట్టెటోన్ని" అన్నాడు.

ప్రేమమణి టీచరు కారు దిగింది. లెక్క తప్పు చేసిన పిల్లవాణ్ణి చూసినట్టు చూసింది. "ఈయన ముంచారా? నన్ను మీ దగ్గరికి పంపిందెవరనుకున్నారు?"

"నా బోర్డు చూసి వచ్చిన్రు గద."

"ఏ బోర్డండీ?"

పర్వతాలు చెయ్యి చూపించాడు. టీచరు కళ్ళు చికిలించి రోడ్డవతలికి చూసింది. "ఆ వేపకొమ్మల వెనకాల ఏదో రేకుముక్క కనిపిస్తోంది. అదా?"

పర్వతాలు కూడా అప్పుడే చూశాడు. చెట్టు ఎప్పుడు పెరిగిందో, కొమ్మలు ఎప్పుడు కప్పేశాయో అతనికి తెలియదు. పదేళ్ళుగా ఆ బోర్డును కాకులు తప్ప ఎవరూ చదివి ఉండరు.

"పోయిన ఏడాది వేరే బ్రోకరు దగ్గర ఒక కారు చూసి ఇక్కడికి తెద్దామన్నానండీ" అంది టీచరు. "తెద్దామనగానే అతను మళ్ళీ కనపడలేదు. ఏం చేయాలో తెలీక నేనే వచ్చి లూకా గారిని అడిగాను. ఎదురుగా పర్వతాలు ఉన్నాడు, అతని దగ్గరే కొను, కాకపోతే నాకు చూపించాక కొను అన్నారు. మా స్టాఫ్ రూములో ముగ్గురికీ ఇదే చెప్పారట. ఆ ముగ్గురికీ మొదటి కారు అయిపోయిందనే అన్నారు. అని, మళ్ళీ మీ దగ్గరికే పంపారు."

"మళ్ళ నా దగ్గరికా?"

"మరి? కారు పోయింది గానీ మనిషి మంచివాడు, ఇంకోటి చూపిస్తాడు, అతని దగ్గరికే పో అంటారుట. మీరెప్పుడూ వినలేదా?"

ఎలా వింటాడు? 'అయిపోయింది' అనగానే పర్వతాలు హోటల్‌లో గోడ ముందు ఉండేవాడు. రెండో మాట వినడానికి ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ ఆగలేదు. ఒకరి తరవాత ఒకరు ఎక్కణ్ణించి వచ్చారో తెలియని ఇన్నేళ్ళ బేరాలు, ఒకటి పోయినా మళ్ళీ తన కుర్చీకే తిరిగొచ్చిన మనుషులు, మూడోది అమ్ముడైన ప్రతిసారీ ఇంటికొచ్చిన బియ్యం, అన్నీ రోడ్డు దాటి ఈ షెడ్డులోంచే వచ్చాయన్నమాట. పర్వతాలు తిట్టని రోజు లేదు ఈ మనిషిని.

లూకా అటు తిరిగి కిరసనాయిల్ గుడ్డతో తల రుద్దుకుంటున్నాడు. దొంగతనం చేస్తూ దొరికినవాడిలా సిగ్గుపడుతున్నట్టుంది ఆయన వాలకం.

"ఎందుకు చెప్పలేదన్నా నాకు?"

"అడిగిన్రు, చెప్పిన. గంతే. దాంట్ల ఏమున్నది." కాసేపు రుద్దుకుని మళ్ళీ అన్నాడు. "ఇక్కడ కార్లమ్మెటోళ్ళు పదిమంది ఉన్నరు తమ్మీ. నా సూది పేరు చెప్తే బండి తిప్పుకొని పోతరు. నువ్వు ఏడ్సుకుంటనన్నా తెస్తవు. నీ మిలిటరీ ముచ్చట ఎవ్వడు నమ్మడు గని, తెచ్చెటోడివి నువ్వొక్కడివే. ఇయ్యాల సుత తెచ్చినవ్, ఆయిల్ పోసైనా."

పర్వతాలు మొహం తువ్వాలులో దాచుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో టీచరుకు తెలియక, మర్యాదకు అటు తిరిగి కారు రంగు చూసింది.

ఆయిలంతా కక్కించి, ఇంజను వేడెక్కించి మళ్ళీ చూస్తే నాలుగూ డెబ్బై దగ్గర ఆగాయి. "అయిపోయింది టీచరమ్మా" అన్నాడు లూకా. పర్వతాలు లేవబోయి, లేవకుండా కూర్చున్నాడు. లూకా ఆగలేదు. "రింగులు వొయినయ్. బాడీ మాత్రం బంగారం, ఆరు నెల్లు తోమిండు గద. రింగులు నేనేస్త, చేతికింద పని వీడు చేస్తడు. పదిహేను దినాలకు రా. అప్పుడు నీ కాలితోనే చూస్కొని తీస్కో."

సోమవారం పర్వతాలు మౌలాలి పోలేదు. షెడ్డులో పిస్టన్ల మీది మసి గీకుతూ కూర్చున్నాడు. గీకాక ఊరుకోలేక వాటికి మైనం పెట్టి మొహం కనిపించేలా తోమాడు. "లోపల ఎవ్వరు చూడరు తమ్మీ" అన్నాడు లూకా దిగులుగా. "నేను చూసిన గదన్నా" అన్నాడు పర్వతాలు. ఆ మైనమంతా లూకా మళ్ళీ కిరసనాయిల్‌తో కడగాల్సొచ్చింది. పదిహేనో రోజు ప్రేమమణి టీచరు యాక్సిలేటరు తొక్కితే సూది నూటముప్పై దగ్గర నిలిచింది. ఆవిడ స్కూలు గేటు దాటి కారు లోపలికి తోలిందనీ, వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడనీ మూడు రోజులు చెప్పుకున్నారు.

ఆ నెలాఖరున రిచర్డ్ అనే రైల్వే గార్డు వేపచెట్టు కిందికి వచ్చాడు. కమీషన్‌కు వచ్చిన అంబాసిడర్ ఒకటి చూసి, నచ్చిందన్నాడు.

"నడువుండ్రి సార్, లూకన్నకు చూపిద్దాం" అన్నాడు పర్వతాలు, ఆయన అడక్కముందే.

"ఆయన అక్కర్లేదన్నారే. పర్వతాలు చూసి బాగుందంటే తీసుకో, నా దాకా రావద్దన్నారు."

ఇన్నేళ్ళుగా బండి బాగుందో లేదో చెప్పే బరువు రోడ్డవతల ఉండేది. తిట్టుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడది తన నెత్తిన పడేసరికి పర్వతాలు కుర్చీలో కూర్చోలేకపోయాడు. రిచర్డ్ గారిని ఎక్కించుకుని అంబాసిడర్‌ను రోడ్డు దాటించాడు.

లూకా విసుక్కున్నాడు. "నేను వద్దన్న గద."

"నాకు నమ్మకం లేదన్నా."

"ఎవరి మీద? నా మీదనా?"

"నా మీద."

లూకా అతన్ని ఒక్క నిమిషం తేరిపార చూశాడు. లోపలికి వెళ్ళి మఖమల్ గుడ్డ విప్పి గేజ్ తెచ్చాడు. ఇరవై ఏళ్ళలో ఇంకొకరి చేతికివ్వని ఆ గేజ్‌ను పర్వతాలు చేతిలో పెట్టి, తను పోయి డ్రైవరు సీట్లో కూర్చుని యాక్సిలేటరు తొక్కిపట్టాడు.

సూది లేచింది. ఎనభై దగ్గర ఆగింది. రెండోది డెబ్బై అయిదు. మూడోదీ నాలుగోదీ చెప్పుకోనక్కర్లేదు. పర్వతాలు రిచర్డ్ గారి వైపు తిరిగాడు. మిలిటరీ ఆఫీసరు నాలుక చివరిదాకా వచ్చాడు. ఆఫీసరు వెనకాలే ఆయన భార్య కూడా వచ్చింది. ఇద్దరినీ మింగేశాడు.

"అయిపోయింది సార్. ఇది కొనకుండ్రి. ఇంకోటి చూపిస్త, మళ్ళ నా దగ్గరికే రాండ్రి" అన్నాడు. ఎంత దుఃఖంగా అన్నాడంటే, రిచర్డ్ గారు నెత్తిమీది టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

డ్రైవరు సీట్లోంచి లూకా తల బయటపెట్టాడు.

"జెర నవ్వుకుంట చెప్పరాదు తమ్మీ. మనిషి భయపడుతుండు" అన్నాడు.